మన ఒంగోలు ఆవుకు అక్కడ కోట్ల ధర.. అడవికి మాత్రం గండం: బ్రెజిల్ కథ ఏంటి?

తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, కిందికి వేలాడే గంగడోలు. చూడగానే ప్రకాశం జిల్లా రైతు ఇట్టే గుర్తుపట్టేస్తాడు. 2023లో బ్రెజిల్‌లో జరిగిన ఒక వేలంలో వయాటినా-19 అనే ఇలాంటి ఆవులో మూడో వంతు వాటా మాత్రమే అమ్మకానికి పెట్టారు. ఆ వాటా పలికిన రేటుతో లెక్కేస్తే ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు దాటింది. అంటే అప్పటి లెక్కలో దాదాపు 35 కోట్ల రూపాయలు. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

ఈ జాతిని అక్కడ 'నెలోర్' అంటారు. మన నెల్లూరే. 19వ శతాబ్దంలో ఈ పశువులు ఓడలెక్కి వెళ్లేటప్పటికి ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే ఆ పేరు పడింది. 1960ల మొదట్లో మరో విడత వెళ్లింది. అప్పుడు వెళ్లిన ఒక గిత్త పేరు 'కర్వాది'. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే దానికి పెట్టారు. ఎండకు తట్టుకోవడం, రోగాలు తక్కువగా రావడం, నాసిరకం గడ్డి తిని కూడా బతకడం ఈ జాతి ప్రత్యేకత. ఇక్కడ దుక్కి దున్నడానికి, బండ కట్టి లాగించడానికి పెంచిన పశువు అక్కడ మాంసం వ్యాపారానికి వెన్నెముక అయింది. ఇప్పుడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం నెలోర్, దాని సంకరాలే.

ఆ దేశంలో మనుషులు 20 కోట్ల పైచిలుకు. పశువులు 23 కోట్లకు పైనే. ఈ ఒక్క లెక్క పట్టుకుని వెళ్తే బ్రెజిల్ సంపద ఎక్కడి నుంచి వస్తోందో, గొడవ ఎక్కడ మొదలవుతోందో రెండూ తెలిసిపోతాయి. రెండింటికీ మూలం భూమే.

ఇండియాకు బయల్దేరి బ్రెజిల్‌లో దిగారు

విస్తీర్ణం 85 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో ఐదో అతి పెద్ద దేశం. మన దేశానికి రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది. దక్షిణ అమెరికాలో చిలీ, ఈక్వెడార్ తప్ప మిగతా దేశాలన్నింటితోనూ దీనికి సరిహద్దు ఉంది. 26 రాష్ట్రాలు, ఒక ఫెడరల్ జిల్లా. చుట్టుపక్కల ఎక్కువ దేశాల్లో స్పానిష్ మాట్లాడుతుంటే ఇక్కడ మాత్రం పోర్చుగీస్. 1960 వరకు రాజధాని రియో డి జనీరో. ఆ తర్వాత దేశం నడిమధ్యలో, ఖాళీ పీఠభూమి మీద కొత్తగా కట్టిన బ్రెజిలియాకు మార్చారు.

1500 మార్చిలో పెడ్రో అల్వారెస్ కబ్రాల్ అనే పోర్చుగీస్ నావికుడు బయల్దేరింది బ్రెజిల్‌కు కాదు, ఇండియాకు. పడమర వైపు బాగా దూరంగా వెళ్లి ఈ తీరాన్ని తాకాడు. కొద్ది రోజులు ఆగి, మళ్లీ ఓడలెక్కి కాలికట్‌కు వచ్చాడు. ఎర్ర రంగు ఇచ్చే బ్రెజిల్ చెట్టు కలప కోసం పోర్చుగీస్ వాళ్లు ఎగబడటంతో ఆ చెట్టు పేరే దేశానికి స్థిరపడింది. అంటే ఈ దేశం పేరులోనే నరికిన చెట్టు ఉందన్నమాట.

భూమి కొందరికే ఎలా దక్కింది?

పోర్చుగల్ రాజు ఈ నేలను పెద్ద పెద్ద పట్టీలుగా కోసి తనవాళ్లకు పంచిపెట్టాడు. వాటిలో చెరకు తోటలు వేశారు. తోటల్లో పని చేయడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చారు. మూడు వందల ఏళ్లకు పైగా సాగిన ఈ వ్యాపారంలో బ్రెజిల్‌కు చేరినవాళ్లు దాదాపు 48 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. అమెరికా ఖండాల్లో మరే దేశానికీ ఇంతమందిని తేలేదు. చెరకు తర్వాత బంగారం, ఆ తర్వాత కాఫీ.. పంట మారినా పద్ధతి మారలేదు.

1822లో స్వాతంత్య్రం వచ్చింది. అది కూడా పోర్చుగల్ రాజు కొడుకు పెడ్రోయే ప్రకటించి, తానే చక్రవర్తి అయ్యాడు. 1888 మే 13న బానిసత్వం రద్దయింది. రెండు అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున రద్దు చేసింది బ్రెజిలే. అయితే అసలు మెలిక అంతకు 38 ఏళ్ల ముందే పడింది. 1850లో తెచ్చిన భూ చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి ఎవరికైనా కావాలంటే డబ్బు పెట్టి కొనాల్సిందే. సాగు చేసుకుంటూ ఉన్నా హక్కు రాదు. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల చేతిలో డబ్బు ఎక్కడిది? స్వేచ్ఛ వచ్చింది గానీ నిలబడటానికి సెంటు నేల రాలేదు.

ఆ ఫలితం ఇప్పటికీ కనిపిస్తోంది. 2017 వ్యవసాయ గణన ప్రకారం వెయ్యి హెక్టార్లు దాటిన కమతాలు మొత్తంలో ఒక శాతం మాత్రమే. కానీ దేశంలోని సాగు భూమిలో దాదాపు సగం వాటి కిందే ఉంది. మన దగ్గర భూ సంస్కరణలు కాగితం మీదైనా జరిగాయి. అక్కడ గట్టిగా మొదలే కాలేదు. 1984లో పుట్టిన భూమిలేని కార్మికుల ఉద్యమం, ఎంఎస్‌టీ అని పిలుస్తారు, ఖాళీగా పడి ఉన్న పెద్ద కమతాల్లో టార్పాలిన్ గుడిసెలు వేసుకుని భూమి అడుగుతోంది. 1996 ఏప్రిల్ 17న పారా రాష్ట్రంలోని ఎల్డొరాడో డోస్ కరజాస్ దగ్గర రోడ్డెక్కిన ఈ రైతు కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 19 మంది చనిపోయారు.

పనికిరాని నేలను పండించారు

ఇక్కడ బ్రెజిల్‌కు ఇవ్వాల్సిన క్రెడిట్ ఇవ్వాలి. దేశం మధ్యలో సెరాడో అనే విశాలమైన గడ్డి మైదానం ఉంది. నేల ఆమ్లం, పోషకాలు తక్కువ. పంట పండదని వదిలేసిన ప్రాంతం. 1973లో ప్రభుత్వం ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టింది. అక్కడి శాస్త్రవేత్తలు నేలలో సున్నం కలిపారు. చల్లటి ప్రాంతాల పంట అయిన సోయాను ఉష్ణమండలానికి సరిపడేలా మార్చారు. ఆఫ్రికా గడ్డిని తెచ్చి మెరుగుపరిచి పశువులకు మేత చేశారు. ఒకప్పుడు ఆహారం దిగుమతి చేసుకున్న దేశం ఇప్పుడు సోయాబీన్, కాఫీ, పంచదార ఉత్పత్తిలో ప్రపంచంలో నంబర్ వన్. పశుమాంసం ఎగుమతిలోనూ ముందు వరుసే. సోయాలో అధిక భాగం చైనా కొంటోంది. మన వంటింట్లో వాడే సోయా నూనెలో కూడా కొంత బ్రెజిల్ నుంచే వస్తుంది.

మరోవైపు సెరాడో సహజ స్వరూపంలో దాదాపు సగం ఈ యాభై ఏళ్లలోనే పోయింది. అమెజాన్ గురించి మాట్లాడినంతగా దీని గురించి ప్రపంచం మాట్లాడదు.

ఆకాశంలో పారే నదులు

బ్రెజిల్ ముందున్న చిక్కుల్లో అన్నింటికంటే పెద్దది ఇదే. అమెజాన్ అడవిలో సుమారు 60 శాతం బ్రెజిల్‌లోనే ఉంది. అడవి పోతే జంతువులు, పక్షులు పోతాయనే మాట అందరూ అంటారు. బ్రెజిల్ రైతుకు అసలు నష్టం వేరే ఉంది.. వాన.

అట్లాంటిక్ మీది నుంచి వచ్చే తేమగాలి అమెజాన్ మీద వానగా కురుస్తుంది. ఆ నీటిని చెట్ల వేర్లు లాగి ఆకుల ద్వారా మళ్లీ ఆవిరిగా గాల్లోకి వదులుతాయి. ఒక్క పెద్ద చెట్టు రోజుకు వందల లీటర్లు ఇలా వదలగలదు. ఆ తేమ పడమరకు వెళ్లి మళ్లీ కురుస్తుంది, మళ్లీ లేస్తుంది. చివరికి ఆండీస్ పర్వతాలు గోడలా అడ్డు తగలడంతో దక్షిణానికి మళ్లి మాటో గ్రోసో, సావో పాలో వైపు వెళ్తుంది. వీటికే శాస్త్రవేత్తలు 'ఎగిరే నదులు' అని పేరు పెట్టారు. మనకు నైరుతి రుతుపవనాలు సముద్రం మీదుగా వస్తాయి. వాళ్ల పొలాల వానలో పెద్ద వాటా అడవి మీదుగా వస్తుంది.

మాటో గ్రోసో రైతు వానాకాలం మొదట్లో సోయా వేసి, అది కోయగానే అదే చేలో మొక్కజొన్న వేస్తాడు. దేశం పండించే మొక్కజొన్నలో అధిక భాగం ఈ రెండో పంటదే. వాన రెండు మూడు వారాలు ఆలస్యమైతే సోయా వెనక్కి జరుగుతుంది. మొక్కజొన్న గింజ పట్టే సమయానికి వాన ఆగిపోతుంది. అంటే అడవిని నరికి పెంచిన పొలానికి, అడవి లేకపోతే రెండో పంట రాదు.

కరెంటుకూ ఇదే బాధ. దేశంలో తయారయ్యే విద్యుత్తులో సగానికి పైగా జలాశయాల నుంచే. పరాగ్వేతో కలిసి కట్టిన ఇటైపు డ్యామ్ ఒక్కటే 14,000 మెగావాట్లు. 2001లో వానలు లేక డ్యాములు ఎండిపోతే ఇళ్లలో వాడకం 20 శాతం తగ్గించుకోవాలని ప్రభుత్వం రేషన్ పెట్టింది. 2014-15లో సావో పాలో మహానగరానికి తాగునీరు ఇచ్చే కంటరేరా జలాశయాలు అడుగంటాయి. 2023లో, మళ్లీ 2024లో మనౌస్ దగ్గర నీగ్రో నది వందేళ్లకు పైగా రికార్డుల్లో ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. పడవే బస్సు, పడవే అంబులెన్స్ అయిన ఊళ్లు రోజుల తరబడి తెగిపోయాయి. అదే 2024 మే నెలలో దేశం దక్షిణ కొసన రియో గ్రాండే డో సుల్‌లో వరదలొచ్చి 180 మందికి పైగా చనిపోయారు.

వాతావరణ శాస్త్రవేత్త కార్లోస్ నోబ్రే, అమెరికా జీవశాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్ కలిసి 2018లో ఒక హెచ్చరిక చేశారు. అమెజాన్‌లో 20 నుంచి 25 శాతం పోతే, మిగతా అడవి కూడా తనంతట తానే ఎండి గడ్డి మైదానంలా మారే ప్రమాదం ఉందన్నది దాని సారాంశం. ఇప్పటికే దాదాపు 17 శాతం పోయింది.

చెట్టు నుంచి పట్టా దాకా

అడవి ఒక్క రోజులో పోదు. దానికో వరుస ఉంది. ముందు రోడ్డు పడుతుంది. ఖరీదైన కలప లారీలెక్కుతుంది. మిగిలింది నరికి, ఎండాక నిప్పు పెడతారు. బూడిద మీద గడ్డి విత్తనాలు చల్లి పశువుల్ని తోలతారు. ఆ పశువు అక్కడ ఉండేది పాల కోసమో మాంసం కోసమో మాత్రమే కాదు, 'ఈ నేల నాది, నేను వాడుకుంటున్నా' అని చెప్పడానికి. ఆక్రమించిన ప్రభుత్వ భూమికి కొన్నేళ్లకు ఎలాగోలా పత్రాలు పుట్టుకొస్తాయి. ధర పెరుగుతుంది. అమ్మేసి ఇంకాస్త లోపలికి జరుగుతారు.

ఈ దొంగ పత్రాల వ్యవహారాన్ని అక్కడ 'గ్రిలాజెమ్' అంటారు. గ్రిలో అంటే కీచురాయి పురుగు. కొత్తగా రాసిన దస్తావేజును కీచురాళ్లతో కలిపి పెట్టెలో పెడితే అది పసుపు పట్టి, అంచులు తినేసి పాతదానిలా కనిపించేదట. ఆ మోసం నుంచి వచ్చిందే ఈ మాట. ఇప్పుడు పురుగులు అక్కర్లేదు. ఆన్‌లైన్ భూ రిజిస్టర్‌లో ఎవరికి వారు హద్దులు గీసి నమోదు చేసుకునే వీలుంది.

అడ్డుపడినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రబ్బరు పాలు తీసే కార్మికుల నాయకుడు చికో మెండెస్‌ను 1988 డిసెంబర్ 22న షపురిలో ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 2005లో పారాలోని అనాపులో పేద రైతుల తరఫున నిలబడ్డ నన్ డొరతీ స్టాంగ్‌నూ అలాగే చంపేశారు. ఇక 2023 జనవరిలో యానోమామి ఆదివాసీల ప్రాంతంలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. అక్రమ బంగారు తవ్వకాలతో నదుల్లో పాదరసం కలిసి, మలేరియా, ఆకలితో పిల్లలు ఎముకల గూళ్లయ్యారు. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆదివాసీలు సుమారు 17 లక్షల మంది. తమ నేల మీద వాళ్ల హక్కును 1988 రాజ్యాంగం గుర్తించింది. ఆ రాజ్యాంగం వచ్చిన రోజుకు భూమి మీద ఉన్నట్టు చూపించాలన్న వాదనను 2023లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, పార్లమెంటు అదే వాదనతో చట్టం చేసింది. గొడవ నడుస్తూనే ఉంది.

చేయాలనుకుంటే అడ్డుకోవచ్చని కూడా ఇదే దేశం చూపించింది. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో సుమారు 27,700 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. శాటిలైట్ నిఘా, దాడులు, జరిమానాలు, అప్పుల నిలిపివేతతో 2012 నాటికి అది 4,600కు దిగింది. జైర్ బోల్సొనారో హయాంలో 2021కి మళ్లీ 13,000 దాటింది. 2019లో అడవి నరికివేత లెక్కలపై వివాదం రేగితే, ఆ లెక్కలు తీసే అంతరిక్ష సంస్థ డైరెక్టర్ పదవే పోయింది. 2023లో లూలా డ సిల్వా తిరిగొచ్చాక తగ్గుముఖం పట్టి 2025కి 5,800 చదరపు కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది.

తిండి పండించే దేశంలో ఆకలి

ప్రపంచానికి తిండి పెట్టే దేశంలో 2022లో జరిగిన ఒక సర్వే ప్రకారం 3.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి 2014లో బయటపడ్డ బ్రెజిల్, కొన్నేళ్లకే మళ్లీ అందులోకి జారి, 2025లో మళ్లీ బయటికొచ్చింది. ఎగుమతి పంట పెరిగితే పేదవాడి పళ్లెం నిండదు. అతని చేతిలో డబ్బుండాలి. 2003లో మొదలైన 'బోల్సా ఫమీలియా' చేసింది అదే. పిల్లల్ని బడికి పంపాలి, టీకాలు వేయించాలి. ఎక్కువగా తల్లి పేరు మీదే డబ్బు వస్తుంది. బడికి పంపితే తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు చూసిన మనవాళ్లకు ఇది కొత్త కాదు గానీ, అంత పెద్ద స్థాయిలో ముందు చేసి చూపిన దేశాల్లో బ్రెజిల్ ఒకటి.

పేదలు ధరల పెరుగుదలకు ఎంత భయపడతారో అర్థం కావాలంటే 1993 చూడాలి. ఆ ఏడాది ద్రవ్యోల్బణం దాదాపు 2,500 శాతం. సూపర్ మార్కెట్లలో రోజూ ధర స్టిక్కర్లు మార్చడానికే మనుషులుండేవారు. జీతం రాగానే జనం పరిగెత్తుకెళ్లి నెల సరుకులు కొనేసేవారు. పదేళ్లలోపే నాలుగైదు సార్లు కరెన్సీ మార్చారు. చివరికి 1994 జులై 1న వచ్చిన 'రియల్' నిలబడింది. ఆ ప్లాన్ వెనకున్న ఆర్థిక మంత్రి ఫెర్నాండో హెన్రిక్ కార్డోసో అదే ఏడాది అధ్యక్షుడిగా గెలిచారు. ఆ భయం ఇంకా పోలేదు. 2025 జూన్‌లో సెంట్రల్ బ్యాంక్ వడ్డీ రేటు 15 శాతానికి చేరింది. అంత వడ్డీకి చిన్న వ్యాపారి అప్పు తీసుకుని బతికి బట్టకట్టడం కష్టమే. అదే సెంట్రల్ బ్యాంక్ 2020లో తెచ్చిన 'పిక్స్' మాత్రం మన యూపీఐలాగే తోపుడుబండి దాకా చేరింది. మన జీఎస్టీ లాంటి పన్ను సంస్కరణకు దశాబ్దాల వాదన తర్వాత 2023 డిసెంబర్‌లో ఆమోదం దొరికింది.

భూమి దొరకని పల్లె జనం నగరాలకు వచ్చి కొండల మీద, వాగుల పక్కన ఇళ్లు కట్టుకున్నారు. అవే ఫవేలాలు. 2022 లెక్కల్లో 1.6 కోట్ల మందికి పైగా వాటిలోనే ఉంటున్నారు. సర్కారు అడుగుపెట్టని చోట ముఠాలు పెత్తనం చేస్తున్నాయి. రియోలో పుట్టిన కమాండో వెర్మెలో, సావో పాలో జైళ్లలో 1993లో పుట్టిన పీసీసీ ఇప్పుడు అమెజాన్ నదుల దాకా పాకాయి. 2025 అక్టోబర్ 28న రియోలో పోలీసుల ఒక్క దాడిలోనే 120 మందికి పైగా చనిపోయారు. దేశం మొత్తం మీద హత్యలు 2017 నుంచి బాగా తగ్గాయన్నది నిజం. ఆ కొండల మీద ఉండేవాళ్లకు ఆ తేడా అంతగా తెలియదు.

అధ్యక్షుడికి కుర్చీ ఉంది, సభ లేదు

1964 నుంచి 1985 దాకా సైన్యం పాలించింది. 1988లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు అధ్యక్షులను పార్లమెంటు అభిశంసించింది. అవినీతి కేసులో 580 రోజులు జైల్లో ఉన్న లూలా, ఆ తీర్పులు రద్దయ్యాక 2022లో 50.9 శాతం ఓట్లతో గెలిచారు. ఓటమిని ఒప్పుకోని బోల్సొనారో మద్దతుదారులు 2023 జనవరి 8న పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనం మీద పడి ధ్వంసం చేశారు. తిరుగుబాటు కుట్ర కేసులో 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు బోల్సొనారోకు 27 ఏళ్లకు పైగా జైలు శిక్ష వేసింది.

అయితే గెలిచినవాళ్లకూ సభలో బలం ఉండదు. 513 సీట్ల దిగువ సభలో 2022లో అతి పెద్ద పార్టీకి వచ్చినవి 99. ఏ బిల్లు కావాలన్నా చిన్నా చితకా పార్టీలతో బేరం తప్పదు. ఆ బేరంలో పెద్ద భూస్వాముల వర్గానిదే గట్టి చెయ్యి. అందుకే ఒకే ప్రభుత్వం రెండు వైపులా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. 2025 నవంబర్‌లో అమెజాన్ ముఖద్వారంలోని బెలెంలో ప్రపంచ వాతావరణ సదస్సు కాప్30 పెట్టారు. దానికి కొన్ని వారాల ముందే, అదే అమెజాన్ నది సముద్రంలో కలిసే తీరానికి అవతల చమురు బావి తవ్వడానికి పెట్రోబ్రాస్‌కు అనుమతి వచ్చింది. సదస్సు ముగిసిన కొద్ది రోజులకే, పర్యావరణ అనుమతులు సులభం చేసే చట్టంలో లూలా వీటో చేసిన నిబంధనల్లో చాలావాటిని పార్లమెంటు తిరిగి పెట్టేసింది.

ఆవు చెవికి ట్యాగ్

పెద్ద మాంసం కంపెనీలు అడవి నరికిన పొలాల నుంచి పశువులు కొనబోమని 2009 నుంచే ఒప్పందాలు చేసుకున్నాయి. అయినా లొసుగు ఉంది. అక్రమ పొలంలో పుట్టిన దూడ అక్కడే పెరుగుతుంది. ఆఖరి కొన్ని నెలలకు పత్రాలన్నీ సరిగ్గా ఉన్న మరో పొలానికి చేరుతుంది. కంపెనీ కొనేది ఆ రెండో పొలం నుంచి. కాగితాల్లో అంతా శుభ్రమే. దీన్ని ఆపాలంటే దూడ పుట్టినప్పటి నుంచే ప్రతి పశువుకూ ఒక నంబర్ ఉండాలి. 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ ప్రణాళిక ప్రకటించింది. కోట్ల విలువ చేసే వయాటినా లాంటి ఆవులకు తాతముత్తాతల దాకా రికార్డులున్నాయి. అడవి అంచున మేసే మామూలు నెలోర్ దూడకు చెవి ట్యాగ్ తప్పనిసరి అయ్యేసరికి 2032 వస్తుంది.